ప్రీవెడ్డింగ్ షూట్: చేతిలో లెటర్ ఉన్నా పార్కులో డ్రోన్ లాక్కున్నారు

కెమెరా_సుబ్బు
పార్కు పేరు చెప్పను, మళ్ళీ అటే వెళ్ళాలి. మాఘమాసంలో పెళ్ళి ఉన్న జంటకి ప్రీవెడ్డింగ్ షూట్ ఒప్పుకున్నా. అమ్మాయికి జలపాతం కావాలి, అబ్బాయికి డ్రోన్ షాట్ కావాలి, అబ్బాయి వాళ్ళ నాన్నకి బిల్లు తగ్గాలి. పర్మిషన్ కోసం పదిహేను రోజులు ఆఫీసు చుట్టూ తిరిగా. సంతకం, రౌండ్ సీలు అన్నీ ఉన్న లెటర్ తెచ్చుకున్నా. తెల్లారి నాలుగింటికి బయల్దేరి, గేటు దగ్గర ఎంట్రీ టికెట్లు, కెమెరా టికెట్ కూడా కొని లోపలికి వెళ్ళాం. అరగంట కాలేదు, బీటు ఆఫీసరు ఇద్దరు వాచర్లతో వచ్చేశాడు. లెటర్ చదివి "ఇది ఇక్కడ చెల్లదు" అన్నాడు. డ్రోన్, రెండు లైట్లు, ఇంకొంచెం సామాను జీపులో వేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మాయి నాలుగు మీటర్ల లెహంగా చేత్తో ఎత్తిపట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచి బయటకొచ్చింది.

నా డ్రోన్ 249 గ్రాములది, నానో. దానికి లైసెన్సే అక్కర్లేదు. పెద్ద సినిమా యూనిట్లు జనరేటర్ వ్యాన్లతో వెళ్తే ఎవడూ అడగడు. రూల్సన్నీ మనలాంటి చిన్నోళ్ళకేనా? ఎవరికైనా ఇలా అయిందా? డ్రోన్ ఎలా తెచ్చుకోవాలి?

మిరపబజ్జీ
అబ్బాయి వాళ్ళ నాన్న కోరిక తీరినట్టేగా. డ్రోన్ షాట్లు బిల్లులోంచి తీసెయ్.

గోదారి_గట్టు
కెమెరా టికెట్ అమ్మి, మళ్ళీ కెమెరా ఎందుకు తీశావంటే ఎలా? టికెట్ దేనికి మరి, దండం పెట్టుకోడానికా?

పిట్టల_దొర
@గోదారి_గట్టు గేటు దగ్గరిచ్చే కెమెరా టికెట్ టూరిస్టుకి. చూడ్డానికి వచ్చినవాడు కనపడింది ఫోటో తీసుకుంటాడు, అంతవరకే. లైట్లు పెట్టి, బట్టలు మార్పించి, డబ్బు తీసుకుని తీస్తే అది షూటింగ్. పన్నెండేళ్ళుగా పక్షుల వెంట తిరుగుతున్నా, మా లెన్సు సైజు చూసి నన్నే రెండుసార్లు పక్కకి పిలిచారు. పిట్టల దొరనని చెప్పినా నమ్మలేదు, ఆ పేరున్నవాడి మాట ఎవడు నమ్ముతాడులే.

మాజీ_రేంజరు
ముప్పై నాలుగేళ్ళు ఖాకీ వేసుకున్నాను కాబట్టి అడుగుతున్నా సుబ్బు గారూ. మూడు ప్రశ్నలు. లెటర్ మీద సంతకం ఎవరిది? అందులో ఏ అడవి అని రాసి ఉంది? "ఇంకొంచెం సామాను" అన్నారే, అదేమిటి?

కెమెరా_సుబ్బు
సంతకం డివిజన్ ఆఫీసుదే సార్. లెటర్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "రిజర్వు ఫారెస్టు పరిధిలో స్టిల్ ఫోటోగ్రఫీ నిమిత్తం ఒక రోజుకు". సామానంటే మామూలుగా ఉండేవే, స్టాండ్లు, రిఫ్లెక్టర్లు.

మాజీ_రేంజరు
అనుకున్నా. మూడో దానికి జవాబు దాటేశారు, దాని సంగతి తర్వాత చూద్దాం.

అడవంతా ఒకటే అని అందరూ అనుకుంటారు. చెట్టుకి తేడా తెలియదు గానీ కాగితానికి తెలుస్తుంది. రిజర్వు ఫారెస్టు మన దగ్గర 1967 అటవీ చట్టం కిందికి వస్తుంది. అక్కడ డీఎఫ్‌ఓ, అంటే డివిజన్ అటవీ అధికారి గారి మాట నడుస్తుంది. అభయారణ్యం, నేషనల్ పార్కు అలా కాదు, అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందివి. లోపలికి ఎవరు వెళ్ళొచ్చో 27వ సెక్షన్ చెప్తుంది, ఏ పని మీద పర్మిట్ ఇవ్వొచ్చో 28వ సెక్షన్ చెప్తుంది. ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. 35వ సెక్షన్ ద్వారా అవే నేషనల్ పార్కుకీ వర్తిస్తాయి. మీకు లెటర్ ఇచ్చినవాళ్ళు వాళ్ళ అడవికి ఇచ్చారు. మీరు పక్క అడవికి వెళ్ళారు. మధ్యలో గోడ ఉండదు, ఒక రాతి స్తంభం ఉంటుంది, దాని మీద సున్నం కూడా పోయి ఉంటుంది.

మిరపబజ్జీ
గుంటూరు బస్సు టికెట్‌తో నెల్లూరు బస్సెక్కినట్టు.

కెమెరా_సుబ్బు
సరే సార్, ఒప్పుకుంటా. కానీ ఆ ఆఫీసులో కూర్చున్నాయన లొకేషన్ ఎక్కడని అడిగాడు, నేను జలపాతం పేరు చెప్పా. అది తన కిందికి రాదని ఒక్క మాట చెప్పొచ్చుగా? పదిహేను రోజులు తిప్పుకున్నాడు.

మాజీ_రేంజరు
అది మావాళ్ళ తప్పే. దాన్ని వెనకేసుకు రాను.

గోదారి_గట్టు
హమ్మయ్య, ఒక్కరైనా ఒప్పుకున్నారు.

వకీల్_వాణి
రేంజరు గారు చెప్పిన 28వ సెక్షన్‌లో ఒక మార్పు ఉంది. ముందు "ఫోటోగ్రఫీ" అని ఒక్క మాటే ఉండేది, సినిమా తీయడం మాట లేదు. 2022 సవరణలో "ఫోటోగ్రఫీ, ఫిల్మ్ మేకింగ్" అని రెండూ చేర్చారు. దాంతోపాటే ఒక షరతు పెట్టారు: వన్యప్రాణుల ఆవాసంలో ఏ మార్పూ చేయకూడదు, ఆవాసానికి గానీ జంతువులకు గానీ చెడు జరగకూడదు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంటే షూటింగ్‌కి తలుపు తెరిచారు, గడప మాత్రం ఎత్తు పెంచారు.

ఇక సుబ్బు గారి సామాను సంగతి. తీసుకెళ్ళేటప్పుడు పంచనామా రాశారా? జప్తు చేసిన వస్తువుల జాబితా, సీరియల్ నంబర్లతో, మీ సంతకంతో ఉండాలి. లేకపోతే ముందు అది అడగండి.

కెమెరా_సుబ్బు
తెల్ల కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టించుకున్నారు మేడమ్. ఫోటో తీసుకున్నా. "డ్రోన్ 1, లైట్లు 2, పొగ గొట్టాలు 6" అని ఉంది.

మాజీ_రేంజరు
ఆఁ. ఇప్పుడొచ్చింది అసలు సంగతి. పొగ గొట్టాలు.

మిరపబజ్జీ
సుబ్బన్నా! 😂

కెమెరా_సుబ్బు
అవి కలర్ స్మోక్ సార్. గులాబీ మూడు, నీలం మూడు. ఈ రోజుల్లో అందరూ అడుగుతున్నారు. బాంబులేం కాదు. ఒక్కటే వెలిగించాం.

మాజీ_రేంజరు
ఒక్కటే వెలిగించారా! అక్కడ కాళ్ళ కింద ఏముంది?

కెమెరా_సుబ్బు
ఎండుటాకులు.

మాజీ_రేంజరు
అభయారణ్యానికి ముప్పు వచ్చేలా నిప్పు పెట్టడం, వెలిగించడం, ఆరకుండా వదిలేయడం 30వ సెక్షన్ కింద నేరం. ఫిబ్రవరి వచ్చిందంటే మాకు నిద్ర ఉండేది కాదు. టేకాకు రాలి మడమ లోతున పడి ఉంటుంది, నడుస్తుంటే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. ఆ నెలల్లో ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఖాళీ బాటలు గీయడం, వాచర్లని పెట్టడం, ఇదే పని. 2009లో, నేను ఇంకా సెక్షన్ ఆఫీసరుగా ఉన్నప్పుడు, ఒక బీడీ ముక్క నుంచి మొదలైన మంట ఆర్పడానికి పదకొండు మందిమి రాత్రంతా పచ్చి కొమ్మలతో కొట్టాం. నా ఎడమ కనుబొమ్మ సగం ఇప్పటికీ మొలవలేదు. ఆ బీటు ఆఫీసరు మీ డ్రోన్ కోసం రాలేదండీ, మీ గులాబీ రంగు పొగ కోసం వచ్చాడు. దూరం నుంచి కనిపించి ఉంటుంది.

గోదారి_గట్టు
నేను వెనక్కి తగ్గుతున్నా. సుబ్బూ, ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది.

శాన్‌హోసే_శీను
అమెరికాలో నేషనల్ పార్కుల్లో అన్నీ సులువనుకుంటారు, అదీ సగమే నిజం. ఇక్కడ డ్రోన్ 2014 నుంచి నేషనల్ పార్కులన్నిటిలో నిషేధం. పట్టుబడితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. మా ఆవిడ శ్రీమంతం ఫోటోలకి యోసెమిటీ వెళ్ళాం. ఎగరేయలేదు గానీ బ్యాగులో డ్రోన్ చూసి రేంజరు మర్యాదగా "అది కారులోనే ఉండనివ్వండి" అంది. అంత మర్యాదగా చెప్తే ఇంకా భయం వేస్తుంది.

ఫోటోల విషయంలో మాత్రం ఈమధ్య వదులు చేశారు. 2025 జనవరి 4న ఎక్స్‌ప్లోర్ చట్టం మీద సంతకం అయింది. కొద్దిమంది, చేత్తో మోసుకెళ్ళే సామాను, జనం మామూలుగా తిరిగే చోటు, వేరేవాళ్ళకి అడ్డం లేకుండా ఉంటే పర్మిటూ ఫీజూ అక్కర్లేదు. డబ్బు కోసమా, సరదాకా అన్నది కాదు లెక్క, నువ్వు అక్కడ ఏం చేస్తున్నావన్నదే లెక్క. పెళ్ళి తంతుకి మాత్రం పర్మిట్ తీసుకోవాల్సిందే.

కెమెరా_సుబ్బు
చూశారా! మనకీ అలాంటిది పెడితే ఏం పోయింది?

పిట్టల_దొర
పోయేది ఉంది. అక్కడ పార్కులు వేల చదరపు కిలోమీటర్లు. మన కేబీఆర్ పార్కు చూడు, హైదరాబాద్ నడిబొడ్డున ఉంది, చుట్టూ కార్లు, లోపల నెమళ్ళు. అదీ నేషనల్ పార్కే, వాకింగ్‌కి వచ్చేవాళ్ళలో సగం మందికి తెలియదు. అక్కడ రోజూ పది ప్రీవెడ్డింగ్ బ్యాచ్‌లు లెహంగాలతో దిగితే నెమలి ఎక్కడికి పోతుంది, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకా?

మిరపబజ్జీ
అక్కడ ట్రాఫిక్ క్లియర్ చేయడానికి పనికొస్తుంది.

గోదారి_గట్టు
కేబీఆర్ నేషనల్ పార్కా? నేనేదో మునిసిపల్ పార్కు అనుకున్నా ఇన్నాళ్ళూ.

పిట్టల_దొర
అదొక్కటే కాదు. చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి కూడా. తెలంగాణలో ఉన్న మూడు నేషనల్ పార్కులూ హైదరాబాద్ చుట్టుపక్కలే. ఏపీలోవి పాపికొండలు, తిరుపతి వైపు శ్రీ వేంకటేశ్వర, కడప జిల్లాలో రాజీవ్ గాంధీ.

కెమెరా_సుబ్బు
సార్లూ, పొగ గొట్టాలు నా తప్పే. కానీ డ్రోన్ మాటేంటి? యాప్‌లో ఆ ఏరియా గ్రీన్ జోన్ అని చూపించింది. 250 గ్రాముల లోపు నానోకి పైలట్ లైసెన్సు అక్కర్లేదని 2021 డ్రోన్ రూల్స్‌లోనే ఉంది.

వకీల్_వాణి
ఉంది, కాదనను. కానీ ఆ రూల్సు విమానయాన శాఖవి. గ్రీన్ జోన్ అంటే ఆ గాల్లో ఎగరడానికి వాళ్ళకి అభ్యంతరం లేదని. కింద ఉన్న నేల వన్యప్రాణి చట్టం కిందిది, దాని పర్మిట్ వేరు. మీ బండికి ఆర్సీ ఉందని మా ఇంటి వరండాలో పార్క్ చేయలేరు కదా.

పిట్టల_దొర
డ్రోన్ మీద నాకు సొంత కోపం ఉంది. నేలపట్టు ఎప్పుడైనా వెళ్ళారా, సూళ్ళూరుపేట దగ్గర? గూడబాతులు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు కడతాయి. వాటి కళ్ళకి పైనుంచి బుయ్‌మని వచ్చేది ఏదైనా గద్దే. తల్లి ఒక్కసారి లేచిందంటే పిల్ల ఎండకి అయినా పోతుంది, గూట్లోంచి జారి అయినా పోతుంది. వేరే ఊళ్ళో ఒక చెరువు దగ్గర కళ్ళారా చూశా. కుర్రాడు రీల్ కోసం డ్రోన్ లేపాడు, కొంగలన్నీ ఒక్కసారి లేచాయి, కింద టప్ టప్‌మని రెండు పిల్లలు పడ్డాయి. వాడు అది కూడా తీశాడు. 249 గ్రాములని కొంగ తూకం వేసి చూసుకోదు.

గోదారి_గట్టు
చివరి లైన్‌కి లైక్.

ప్రొడక్షన్_మూర్తి
పెద్ద యూనిట్లని ఎవడూ అడగడన్నారే, ఇరవై ఏళ్ళుగా లొకేషన్లు చూసుకునేవాణ్ణి, నా గోడు వినండి.

మీరు తెర మీద చూసే అడవుల్లో చాలావరకు నేషనల్ పార్కులు కావు. మారేడుమిల్లి వైపు ఎందుకు ఎగబడతామనుకున్నారు? రిజర్వు ఫారెస్టు, రోడ్డు పక్కన, ఎకో టూరిజం స్థలాలు, ఊళ్ళ దగ్గర ప్రైవేటు తోటలు. అక్కడ పని డివిజన్ స్థాయిలో తెములుతుంది. అదే పాపికొండల పార్కు లోపల అంటే నేనే డైరెక్టరుకి చెప్పి కథలో లొకేషన్ మార్పిస్తా.

ఒక్కసారి మాత్రం తప్పలేదు, అదీ రెండు రోజుల పని. దరఖాస్తులో ఏం రాశామో చెప్తా. సీను సీనుగా ఏం తీస్తామో తెలుగులో, ఇంగ్లీషులో. మనుషులెందరు, పేర్లతో. బండ్లెన్ని, నంబర్లతో. కెమెరాలు, లెన్సులు. ఎక్కడెక్కడ నిలబడతామో మ్యాపు మీద చుక్కలు పెట్టి. ఏ టైముకి లోపలికి, ఏ టైముకి బయటికి. వంట లోపల చేయం, జనరేటర్ తేం, చెట్టుకి మేకు కొట్టం అని హామీ పత్రం. అది అరణ్య భవన్‌కి, అంటే అటవీ శాఖ హెడ్డాఫీసుకి వెళ్తే అక్కడి నుంచి ఫీల్డు రిపోర్టు కోసం కిందికి వస్తుంది, మళ్ళీ పైకి వెళ్తుంది. నాకు రెండు నెలలు పట్టింది. డిపాజిట్ కట్టాం. షూటింగ్ రోజు ఒక గార్డు ఉదయం నుంచి మా వెంటే ఉన్నాడు, ఖర్చు మాదే. టీ కప్పులు లెక్కపెట్టి మరీ బయటికి పంపించాడు, నూట నలభై కప్పులు. ఒకటి తగ్గిందని ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాణ్ణి వెనక్కి పంపాడు.

పులి, సింహం, కోతి, ఎలుగుబంటి అసలు నిజమైనవి పెట్టనివ్వరు, అది వేరే చట్టం. గుర్రాన్ని పెట్టాలన్నా జంతు సంక్షేమ బోర్డు దగ్గర ముందే పర్మిషన్ తీసుకోవాలి. అందుకే ఈమధ్య పులులన్నీ గ్రాఫిక్స్‌లోనే పుడుతున్నాయి.

మిరపబజ్జీ
ఆ నూట నలభయ్యో కప్పు దొరికిందా?

ప్రొడక్షన్_మూర్తి
హీరో కారులో.

కెమెరా_సుబ్బు
రెండు నెలలా? పెళ్ళి ముహూర్తం పెట్టేదే నెల ముందు. ఆ లెక్కన షష్టిపూర్తి షూట్లే చేసుకోవాలి.

పిట్టల_దొర
అందుకే అందులోకి వెళ్ళకు అనేది. ఇంకో సంగతి, పులుల అభయారణ్యం అయితే ఇప్పుడు ఫోన్ బయటికి తీయడం కూడా కష్టమే. 2025 నవంబరులో సుప్రీంకోర్టు కోర్ ఏరియా (పులుల కోసం కేటాయించిన లోపలి అడవి) టూరిజం జోన్లలో మొబైల్ ఫోన్ వాడనివ్వొద్దంది. పులి కనపడగానే ఫోన్లు తీసి డ్రైవర్లు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవడం, ఇరవై జీపులు చుట్టుముట్టడం ఎక్కువైపోయింది మరి.

గోదారి_గట్టు
మేం శ్రీశైలం వెళ్ళేటప్పుడు నల్లమల దారిలో కారాపి ఫోటోలు దిగుతాం ఎప్పుడూ. అదీ నేరమేనా ఇప్పుడు?

వకీల్_వాణి
పబ్లిక్ హైవే మీద వెళ్ళేవాళ్ళకి 27వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది, దారిన పోవడానికి పర్మిట్ అక్కర్లేదు. కానీ ఆ మినహాయింపు తారురోడ్డుకే. కారాపి లోపలికి నడిచారంటే అభయారణ్యంలోకి పర్మిట్ లేకుండా వెళ్ళినట్టే.

నల్లమల_నాని
మాది ఆ రోడ్డు మీది ఊరే. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు దగ్గర గేటేస్తారు, అది తెలిసీ పావు తక్కువ తొమ్మిదికి వచ్చి హారన్ కొట్టేవాళ్ళు రోజూ ఉంటారు. పగలు కార్లాపి కోతులకి చిప్స్ వేసి రీల్స్ తీస్తారు. ఆ కోతులు తర్వాత బండ్ల కిందే పడతాయి, తీసి పక్కన పెట్టేది మేమే.

ఇందాకట్నించీ అందరూ జంతువుల గురించే మాట్లాడుతున్నారు. అప్పాపూర్ లాంటి చెంచుపెంటలు, అంటే చెంచుల గూడేలు, కోర్ ఏరియాలోనే ఉన్నాయి. పర్మిషన్ కాగితంలో అడవి ఉంటుంది, పులి ఉంటుంది, మనుషుల మాట ఉండదు. కెమెరా పట్టుకుని వచ్చి, పొయ్యి ముందు కూర్చున్న ముసలామెని "అమ్మా, కొంచెం ఇటు తిరుగు" అంటారు. మా దోస్తు వాళ్ళ నాయనమ్మ ఒకసారి తిరిగి "నీ ఇంట్ల మీ అవ్వ ఎట్ల తిరుగుతది, చూపెట్టు" అంది. ఆ కెమెరా ఆయన మళ్ళీ కనపడలేదు.

మాజీ_రేంజరు
నాని చెప్పింది అక్షరాలా నిజం. పర్మిట్ ఇచ్చేటప్పుడు ఆ మాట మేమూ రాసేవాళ్ళం కాదు.

శాన్‌హోసే_శీను
డాక్యుమెంటరీ వాళ్ళకి కూడా ఇంతేనా? విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి?

ప్రొడక్షన్_మూర్తి
ఇంకా ఎక్కువ. తీసింది ముందు చూపించాలని షరతు ఉంటుంది. 2017లో కజిరంగా మీద తీసిన డాక్యుమెంటరీ విషయంలో బీబీసీని దేశంలోని పులుల అభయారణ్యాల్లోకి ఐదేళ్ళు రావొద్దన్నారు. అంత పెద్ద సంస్థకే తప్పలేదు.

వకీల్_వాణి
ఆ నిషేధం నాకు నచ్చలేదు, ఇప్పటికీ. పొగ గొట్టం వెలిగిస్తే ఆపడం వేరు, తీసిన దాంట్లో చెప్పింది నచ్చలేదని ఆపడం వేరు. పర్మిట్ అడవిని కాపాడటానికి ఉండాలి గానీ ఆఫీసు పరువుని కాపాడటానికి కాదు.

మాజీ_రేంజరు
వాణి గారూ, ఆ డాక్యుమెంటరీలో వేటగాళ్ళ మీద గార్డుల కాల్పుల గురించి ఉంది. రాత్రిపూట అడవిలో తుపాకీతో ఎదురొచ్చేవాడి ముందు నిలబడిన గార్డు వైపు నుంచి కూడా చూడాలి. ఇది ఇక్కడ తేలేది కాదు, వేరే చర్చ మొదలుపెట్టండి, వస్తాను.

మోడరేటర్
అవును, అది వేరేగా. ఇక్కడ డ్రోన్ సంగతి తేల్చండి.

వకీల్_వాణి
సుబ్బు గారూ, మీది మొదటిసారి, ఏ జంతువుకీ ఏమీ కాలేదు, నిప్పు అంటుకోలేదు. ఇలాంటివాటికి 54వ సెక్షన్ కింద రాజీ రుసుము కట్టించుకుని కేసు ముగించే అవకాశం ఉంది, దాన్నే కాంపౌండింగ్ అంటారు. అది కట్టాక జప్తు చేసిన సామాను వెనక్కి ఇమ్మని అడగొచ్చు. కాకపోతే 2022 సవరణలో దాని పైహద్దు 25,000 నుంచి 5 లక్షలకి పెంచారు. కాబట్టి వెళ్ళి గట్టిగా మాట్లాడకండి. జరిగింది జరిగినట్టు రాసి ఇవ్వండి. పొగ గొట్టాల సంగతి మొదటి పేజీలోనే రాయండి, మాకు చెప్పినట్టు చివర్లో కాదు.

మిరపబజ్జీ
వెళ్ళేటప్పుడు లెహంగా అమ్మాయిని తీసుకెళ్ళు. ఆ రెండు కిలోమీటర్ల నడక చెప్తే రేంజరు కరిగిపోతాడు.

మాజీ_రేంజరు
కరగడు. మా ఆడ వాచర్లు రోజుకి పదిహేను కిలోమీటర్లు నడుస్తారు.

కెమెరా_సుబ్బు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. వాణి మేడమ్ చెప్పినట్టే రాసుకుని వెళ్ళా. రేంజరు చదివి "మొత్తం నువ్వే రాశావా?" అన్నాడు. కాంపౌండింగ్ కట్టా, అంకె అడక్కండి, ఆ షూట్‌లో నాకు మిగిలేది మొత్తం అందులోనే పోయింది. డ్రోన్, లైట్లు ఇచ్చారు. పొగ గొట్టాలు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. డ్రోన్ రెక్క ఒకటి విరిగింది గానీ అది ముందే విరిగింది, వాళ్ళ మీద పెట్టను.

వచ్చేటప్పుడు ఆ బీటు ఆఫీసరు కనిపించాడు. తన అక్క కూతురి పెళ్ళి వైశాఖంలోనట, ఆల్బమ్ రేటు అడిగాడు.

గోదారి_గట్టు
తగ్గించి చెప్పావా?

కెమెరా_సుబ్బు
చెప్పకుండా ఉంటానా. లొకేషన్ మాత్రం కల్యాణ మండపమే అన్నా, ఆయన కూడా అదే మంచిదన్నాడు.

పిట్టల_దొర
మరి ఆ లెహంగా జంట షూట్ ఎక్కడ చేశావు చివరికి?

కెమెరా_సుబ్బు
మా మేనమామ మామిడి తోటలో. బోరు పైపు పైకెత్తి జలపాతం చేశాం. డ్రోన్ కూడా లేపా, కొత్త రెక్క వేసి. అమ్మాయికి ఫోటోలు నచ్చాయి, అబ్బాయి వాళ్ళ నాన్నకి బిల్లు నచ్చింది.

మిరపబజ్జీ
కలర్ స్మోక్?

కెమెరా_సుబ్బు
మామయ్య వద్దన్నాడు. చెట్లు పూత మీద ఉన్నాయట.